తమలపాకులో వాన

తడిసిన గొంగడి వాసన మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. ఎండి ఉన్నప్పుడు దానికి పెద్దగా వాసనుండదు, పెట్టెలో వేసిన వేపాకుదో, గోడ సున్నానిదో కొంచెం అంటుకుని ఉంటుంది అంతే. నాలుగు చుక్కలు నీళ్ళు తగిలాయంటే మాత్రం గొర్రె లేచి వచ్చి గడపలో నిలబడ్డట్టు ఉన్ని, పాలు, మంద పెంట, చలిమంట పొగ, మనిషి చెమట అన్నీ కలిసి ఇల్లంతా కమ్ముకుంటాయి. మొన్న సాయంత్రం సూర్యాపేటలో మేముండే కిరాయి ఇంట్లో రేకుల సందున వాన కారి అటక మీది మూట తడిసింది. మూటలో మా నాయన గొంగడి ఉంది. దాన్ని దింపి, ఇంటి మధ్యలో కూర్చుని, కొంగులు మడతపెట్టి నీళ్ళు పిండుతున్నాను. అదే వేళకు మా సంధ్య టీవీ పెట్టింది.

సంధ్య నా ఒక్కగానొక్క బిడ్డ, ఇంటర్ చదువుతోంది. కొత్త సీరియల్ మొదలవుతుందని వారం నుంచి కాచుకుని ఉంది. అత్తాకోడళ్ళ ఏడుపు కాదట, చిన్న టౌనులో జరిగే మిస్టరీ అట. పక్క వాటాలో ఉండే సుజాత కూడా చేటలో బియ్యం పట్టుకుని వచ్చి కూర్చుంది. మొదలవడమే ఒక కాలువ కట్ట, కట్ట మీద పడి ఉన్న ఆడపిల్ల సైకిలు, నీళ్ళలో ఒంటి చెప్పు. తర్వాత టౌను; బస్టాండు, సినిమా హాలు, ఒక పాత లాడ్జి. ఆ లాడ్జి గేటు దగ్గర మఫ్లరు చుట్టుకుని, చేతికర్ర పట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా నిలబడ్డ ముసలి వాచ్‌మన్.

"వీడే," అంది సంధ్య. "మొకం చూస్తేనే తెలుస్తుంది."

"వాడే తియ్యి. ఆ సూపు సూడు, కన్నార్పుతలేడు," అంది సుజాత బియ్యంలో రాయి ఏరుతూ.

మొదటి రోజే ఇద్దరికీ దొంగ దొరికాడు. ఆ వాచ్‌మన్ ఇంకా ఒక్క మాటైనా మాట్లాడలేదు. నా చేతిలో గొంగడి అట్లాగే ఆగిపోయింది, నీళ్ళు నా ఒళ్ళోకి కారాయి.

నాకు పెద్దగా చదువు లేదు. సంతకం పెడతాను, బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతాను. మా ఆయన పోయాక మిల్లు తవుడు దుమ్ములో పనిచేసి గొంతు బొంగురుపోయింది, గట్టిగా చెబితే కోట్లాడుతున్నట్టు ఉంటుంది. అయినా ఆ రోజు తోచింది చెబుతున్నాను, సంధ్య రాస్తోంది.

మాది మోతె దగ్గర ఒక పల్లె. ఊరి చివర గొల్లవాడ, దాటితే కంప కంచెల్లో మందలు. మా నాయన పేరు మల్లయ్య. ఊళ్ళో ఇంకా మల్లయ్యలు ఉన్నందువల్ల ఆయన్ని కుంటి మల్లయ్య అనేవాళ్ళు. అందులో వెక్కిరింపు ఉందని ఆయనా అనుకోలేదు, మేమూ అనుకోలేదు. పెళ్ళి కాకముందు జీవాలకు తుమ్మ మండలు కొడుతూ చెట్టు మీంచి పడితే పాదం పక్కకు తిరిగి అట్లాగే అతుక్కుందట. నడిస్తే భుజం లేచి పడుతుండేది. ఆ భుజం మీద కూర్చుని నేను మంద దగ్గరికి పోయేదాన్ని, బండి మీద ఊగుతూ పోయినట్టు ఉండేది. మాకు సొంత జీవాలు కొద్దిగానే ఉండేవి. ఎక్కువ భాగం వాడ తగవులు తీర్చే పెద్దగొల్ల లింగయ్యవి, వాడలో మరికొందరివి. అందరివీ కలిపి నాయన కాసేవాడు.

చలికాలం మాకు మంచి కాలం. పొద్దున్నే మంచు దిగి గొర్రెల వీపుల మీద తెల్లగా కూర్చుంటే అవి ఒళ్ళు విదిలించినప్పుడు సన్నటి తుంపర లేచేది. ఈనిన గొర్రె దగ్గర పిండిన తొలిపాలను మా బాపమ్మ, అంటే నాయనను కన్న తల్లి, బెల్లమూ మిరియాలూ వేసి జున్ను వండేది, ఆ గిన్నె అడుగున మాడి అంటుకున్నది గీకి తినడానికి నాకూ పిల్లికీ రోజూ పోటీ. మధ్యాహ్నం పూట కుండలో ఉడికిన అనపకాయలు, ఒడిలో రేగుపళ్ళు, జొన్నరొట్టె మీద పచ్చిమిర్చి తొక్కు. బడి ఉండేది, నేను నాలుగో తరగతి. బడి వదలగానే లింగయ్య మనుమరాలు రేణుకా నేనూ వాళ్ళ అరుగు మీద కచ్చకాయలు ఆడేవాళ్ళం. రేణుక చెయ్యి చిన్నది, కాయలు పట్టేటప్పుడు జారిపోయేవి, ఓడిపోయిన ప్రతిసారీ "నీ చెయ్యి పెద్దగుంది గద" అనేది. పుష్యం దాటితే గట్టు మీది మా దేవుడి జాతర. వాడంతా ఆ జాతర కోసమే బతికినట్టు ఉండేది: గజ్జెలు తోమడం, కావళ్ళకు రంగు వెయ్యడం, దేవుడికి మొక్కుకున్న పొట్టేళ్ళకు గుగ్గిళ్ళు పెట్టి మేపడం.

అందరి పొట్టేళ్ళలోకీ లింగయ్యది పెద్దది. కొడుక్కి జబ్బు చేసి నెమ్మదించినప్పుడు మొక్కుకున్నాడు. నల్లటి ముఖం, మెలి తిరిగిన కొమ్ములు, మెడలో ఇత్తడి గంట. దేవుడి సొమ్ము కాబట్టి దాన్ని ఎవరూ కర్రతో అదిలించేవాళ్ళు కాదు. అది వాకిట్లోకి వచ్చి వడ్లు తింటుంటే ఆడవాళ్ళు చేతులు కట్టుకుని, "తిను తండ్రీ, కొంచెం మాకు కూడా ఉంచు" అనేవాళ్ళు.

ఆ ఏడే మా ఊరికి టీవీ వచ్చింది. కిరాణం కొట్టు ఆయన పెళ్ళాం కోదాడ ఆవిడ, ఊరంతా ఆమెను కోదాడ అత్తమ్మ అనేది. పుట్టింటివాళ్ళు పెట్టిన టీవీ, నలుపూ తెలుపూ, చిన్న ట్రంకుపెట్టె అంత. కరెంటు లేకపోతే బ్యాటరీ పెట్టినా నడుస్తుంది. కొట్టు వెనక అర్రలో బల్ల మీద పెట్టి, దాని మీద పూల గుడ్డ కప్పి, పైన ఒక ప్లాస్టిక్ చిలకను కూర్చోబెట్టింది. ఆదివారం పొద్దున దేవుళ్ళ సీరియల్ వస్తే అర్రలో చోటు చాలక కిటికీ చువ్వలకు జనం వేలాడేవాళ్ళు. బాణాలు గాల్లో కొట్టుకుంటే మా బాపమ్మ కొంగు తల మీద కప్పుకునేది.

ఒక శుక్రవారం దీపాలు పెట్టే వేళ కొత్త తెలుగు సీరియల్ మొదలవుతుందని కోదాడ అత్తమ్మ చెబితే వాడంతా వెళ్ళాం. గుట్ట కింద ఒక చిన్న ఊరు, ఒక రైలు స్టేషను, ఒక హోటలు. ఆ ఊళ్ళో పోస్టుమాస్టరు కనబడకుండా పోతాడు. అంతే కథ. పాట లేదు, దేవుడు లేడు, కొట్లాట లేదు. మనుషులు టీ తాగుతూ ఒకరినొకరు చూసుకుంటారు, చూసుకుని ఊరుకుంటారు. కాసేపటికే అర్రలో గుసగుస మొదలైంది.

"ఇదేం కత అత్తా, ఎవ్వలు ఏం మాట్లాడరు?"

"మన లింగయ్య పంచాయితీ లెక్కుంది, అందరు కూసుంటరు, ఏది తెగదు."

నవ్వుకుంటూ ఒక్కొక్కరే లేచిపోయారు. కోదాడ అత్తమ్మ కూడా కొట్లో ఎవరో చక్కెర అడిగితే వెళ్ళి, "మీరు చూస్తూ ఉండండమ్మా, నేను మళ్ళీ వస్తా" అని అటే ఉండిపోయింది. అర్రలో రేణుకా నేనూ మిగిలాం. మాకు ఆ ఊరు నచ్చింది. ఏదో జరగబోతుందన్నట్టు ఉండి ఏమీ జరగని ఆ ఊరంటే మాకు భయం, భయం కాబట్టే కదలలేదు. చివర్లో వాన మొదలైంది. ధారగా వాన. తల మీంచి నల్లటి కంబళి కప్పుకున్న మనిషొకడు, భుజం మీద ఏదో బరువు వేసుకుని, కుంటుకుంటూ, మూసి ఉన్న నూనె మిల్లు వెనక్కి పోయాడు. ముఖం చూపలేదు. గొలుసు చప్పుడు, తలుపు పడిన చప్పుడు, ఒక కుక్క. అక్కడ ఆపేశారు. రేణుక నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ళు దిగాయి. ఇంటికి పోయేటప్పుడు ఇద్దరం వెనక్కి చూసుకుంటూ పోయాం.

రెండు రోజులు దాటి, సోమవారం తెల్లారేసరికి మందలో లింగయ్య పొట్టేలు లేదు.

కంప పక్కకు జరిపి ఉంది, గంట తెగి కింద పడి ఉంది. ఆ రోజు మందకాడ పడుకున్నది నాయన. ఆయనకు ముందు రోజు నుంచి జ్వరం, కళ్ళు మూతలు పడ్డాయి. అదే చెప్పాడు. లింగయ్య కోపం చెయ్యలేదు. "ఎతుకుదాం తియ్యి తమ్మీ" అన్నాడు. గుట్టలు, వాగులు, మోతె అంగడి, సూర్యాపేట అంగడి, అన్నీ వెతికారు. దొరకలేదు. మామూలు జీవం పోతే నాలుగు రోజులు మాట్లాడి మరిచిపోతారు. ఇది దేవుడిది. జాతర దగ్గర పడింది. దేవుడి నోటికాడిది పోతే మంద నిలవదని ముసలివాళ్ళు అన్నారు. మాటలు అట్లా అట్లా ముదిరి, బుధవారం పెద్దవూర వైపు నుంచి అంజనం వేసే ఆయన్ని పిలిపించారు.

అంజనం చూసింది ఇప్పటివాళ్ళు తక్కువ. ఆముదం మసితో చేసిన కాటుక నల్లగా, జిగటగా తమలపాకు మధ్యలో పూస్తారు. పక్కన దీపం పెడతారు. పెద్దమనిషి కాని ఆడపిల్లను కూర్చోబెట్టి ఆ నలుపులోకి చూడమంటారు. పోయింది ఎక్కడుందో, తీసినవాడెవడో అందులో కనబడుతుందని నమ్మకం. లింగయ్య ఇంట్లో కిటికీలు మూసి మిట్టమధ్యాహ్నం చీకటి చేశారు. ఆకు ముందు కూర్చోబెట్టింది రేణుకను. నేను గాదె పక్కన నిలబడ్డాను. నాయన గడప అవతల, మిగతా మగవాళ్ళతో.

"సూసిందే చెప్పాలె బిడ్డా," అన్నాడు అంజనం ఆయన మెత్తగా. "లేనిది చెప్తే కండ్లు పోతయ్. అక్కడ ఒకడొచ్చి వాకిలి ఊడుస్తుండు, కనపడ్తుందా?"

రేణుక చాలాసేపు చూసింది. దీపపు పొగకు కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి.

"ఊడుస్తుండు," అంది.

"కుర్చీ ఏస్తుర్రా?"

"ఏస్తుర్రు."

"సామి అచ్చి కూసున్నడు. ఇగ సామిని అడుగు, పొట్టేలు ఏడికి పోయిందో సూపియ్యమను."

రేణుక ఆకు మీదికి ఇంకా వంగింది. అర్ర నిండా జనం. ఎవరి ఊపిరి వాళ్ళకు వినబడుతోంది. "సూడు తల్లీ, ఎవ్వలన్న అగపడ్తున్నరా" అని వాళ్ళమ్మ వెనక నుంచి బతిమిలాడింది. అప్పుడు రేణుక సన్నటి గొంతుతో, ఆకు మీంచి చూపు తియ్యకుండా చెప్పింది.

"వాన పడుతుంది. నల్ల గొంగడి కప్పుకున్నడు. భుజం మీద ఏందో ఏసుకున్నడు. కుంటుకుంట పోతుండు. మొకం కనపడ్తలేదు. గొలుసు సప్పుడైతుంది."

ఆ వాన నాకు తెలుసు. మా ఊళ్ళో దసరా తర్వాత చినుకు పడలేదు, ఆ వాన నేనూ రేణుకా కూర్చుని చూసిన వాన. ఎవరో ఒక్కరు, "వాన ఏడిదే?" అన్నారు కూడా. అంజనం ఆయన దానికీ దారి చూపాడు: "సామి కండ్లనీళ్ళు అయ్యా అవి. ఆయన సొమ్ము పోయింది గద." అందరూ తలలూపారు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు గడప అవతలికి చూశారు. నాయన భుజం మీద గొంగడి ఉంది. చలికాలం గొల్లవాడలో గొంగడి లేని భుజం ఎవరిదని? కానీ కుంటేది ఆయనొక్కడే.

లింగయ్య బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "నేను నిన్ను అంటలేను మల్లయ్యా. ఆదివారం గట్టుకాడ తడిబట్టలతోని ప్రమాణం చెయ్యి. వాడకట్టు నోరు మూతపడ్తది, నీ కాపు నీకుంటది" అన్నాడు. న్యాయంగానే వినబడింది. నాయన ఇంటికి వచ్చి, బాపమ్మ ముందు కూర్చున్నాడు. అమ్మ ఇంట్లో లేదు. నాట్లకని వాడ ఆడవాళ్ళతో వేములపల్లి వైపు పోయింది.

"చెయ్యి కొడుకా ప్రమాణం. తప్పు చెయ్యనోనికి భయమేంది?" అంది బాపమ్మ.

"ప్రమాణం చేసినంక జీవాలు సావకుంటయా అవ్వా? వానకాలం గాలికుంటు వస్తది, గొర్లు పోతయ్. పోయినప్పుడల్ల నా మొకం సూస్తరు. ప్రతి సావు నా ప్రమాణం మీదనే పడ్తది."

చెయ్యకపోతే దొంగ. చేస్తే, మందలో గొర్రె చచ్చిన ప్రతిరోజూ దొంగ. ఆ మాట నాకు ఆ వయసులోనే అర్థమైంది, ఎందుకంటే చెబుతున్నప్పుడు ఆయన చేతులు రొట్టెను చిన్న చిన్న ముక్కలు చేస్తున్నాయి, ఒక్కటీ నోట్లో పెట్టుకోవడం లేదు.

సాయంత్రం రేణుకను పట్టుకుని అడిగాను. "అది టీవీల కుంటోడు గదనే?" అన్నాను. అది ఏడ్చింది. "ఏం కనపడలేదే నాకు. నల్లగ ఉంది. అందరు అడుగుతుర్రు. ఆ నలుపుల వాడే వచ్చిండు. ఇప్పుడు కాదంటే కండ్లు పోతయ్," అంది. అప్పటికే కళ్ళు మండుతున్నాయట, మధ్యాహ్నం నుంచి కడుక్కుంటూనే ఉంది. మా నాయన పరువు ఒక వైపు, దాని కళ్ళు ఒక వైపు.

బాపమ్మకు అంతా చెప్పాను. ఆమె దేవుళ్ళ సీరియల్ తప్ప మరొకటి చూడనిది, అయినా మధ్యలో ఆపకుండా విన్నది. విని ఒక్కటే అడిగింది.

"ఆ బొమ్మ మల్ల వస్తదా?"

"శుక్రారం వస్తది బాపమ్మా. ముందు ఎనుకటిది జర సూపెడ్తరు గద, దేవుళ్ళ దాంట్ల లెక్క."

ఆమె అప్పుడే కర్ర అందుకుని లింగయ్య ఇంటికి నడిచింది, నేను వెనకాల. లింగయ్య గొర్రెకు కాలు కట్టు కడుతున్నాడు. శుక్రవారం పొద్దుగూకాక కొట్టు అర్రకు రమ్మని అడిగితే పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు.

"టీవీల పొట్టేలు దొరుకుతదా చిన్నమ్మా?"

"ఆకుల దొరికినప్పుడు టీవీల ఎందుకు దొరకది లింగయ్యా?"

ఆయన నవ్వు ఆగింది. కట్టు కట్టడం అయ్యాక, "వస్త" అన్నాడు.

శుక్రవారం సాయంత్రం అర్ర నిండింది, దేవుళ్ళ సీరియల్‌కు నిండినట్టే. లింగయ్యకు ముందు పీట వేశారు. బాపమ్మ రేణుకనూ నన్నూ చెరో పక్కన కూర్చోబెట్టుకుంది. నాయన లోపలికి రాలేదు, గడపలో నిలబడ్డాడు, గొంగడి మడిచి చంకలో పెట్టుకుని. సరిగ్గా దీపాల వేళకు కరెంటు పోయింది.

కోదాడ అత్తమ్మ నుదురు కొట్టుకుంది. "నిన్నంతా ఉంది కదండీ, ఇవాళే పోవాలా. బ్యాటరీ ఉంది గానీ అందులో చార్జింగు లేదు. ఏం చెయ్యమంటారు చెప్పండి."

"ఇగ ఆదివారం గట్టుకాడనే తేల్సుకుందాం పాండ్రి," అని ఎవరో లేవబోయారు. అప్పుడు లింగయ్య, పీట మీంచి కదలకుండా, "మా అల్లుని ట్రాక్టరు బ్యాటరీ ఇప్పుకరార్రి" అన్నాడు. ఆయన లేచిపోయి ఉంటే ఆ రోజుతో అంతా అయిపోయేది. మిగతా విషయాల్లో ఎట్లా ఉన్నా, ఆ ఒక్క మాటకు ఆయన్ని నేను ఎప్పుడూ తిట్టుకోలేదు. బ్యాటరీ మోసుకొచ్చారు. వైర్లు బిగించేసరికి టీవీ నిండా చీమలు పారినట్టు చుక్కలు. కోదాడ అత్తమ్మ మొగుడు కప్పు మీదికి ఎక్కి యాంటెనా గడ తిప్పుతున్నాడు.

"వచ్చిందా?"

"రాలే."

"ఇప్పుడు?"

"వచ్చింది, ఆగండి, తిప్పకండి. అయ్యో పోయింది. వెనక్కి తిప్పండి."

చీమల మధ్య నుంచి ఒక పాట, ఒక ముఖం, మళ్ళీ చీమలు. తర్వాత 'ఇంతవరకు' అని ఒక గొంతు పలికింది, బొమ్మ నిలబడింది. వాన మొదలైంది. నల్లటి కంబళి. భుజం మీద బరువు. కుంటుకుంటూ మిల్లు వెనక్కి. గొలుసు చప్పుడు. తలుపు. కుక్క.

రేణుక రెండు చేతులతో కళ్ళు మూసుకుంది. బాపమ్మ దాని చేతులు విడదీసి, ఒక్కొక్క కన్ను మీదా ఊది, అందరికీ వినబడేట్టు చెప్పింది.

"నువ్వు అబద్ధం చెప్పలే బిడ్డా. సూసిందే చెప్పినవ్. సూసిందే చెప్పాలన్నడు గద ఆయన. నీ కండ్లకేం కాదు."

లింగయ్య తల రుమాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మల్లయ్యా, లోపటికి రా," అన్నాడు.

నాయన రాలేదు. ఆయన ఇంకా టీవీ వైపే చూస్తున్నాడు, అక్కడ కథ ముందుకు పోయి ఎవరో టీ తాగుతున్నారు.

"వాడు ఎడమకాలు కుంటుతుండు అన్నా," అన్నాడు. పంచె కొద్దిగా పైకి తీసి కుడికాలు గడప ఇవతల పెట్టాడు, వంకర పాదం వెలుతుర్లో పడింది. "నాది కుడికాలు. ఏ కాలని ఎవ్వలు అడగలే."

లింగయ్య ఆదివారం ప్రమాణం లేదన్నాడు, తేలిపోయిందన్నాడు. ఇంటికి పోతుంటే ఆడవాళ్ళు నా బుగ్గలు పుణికారు. నేను పెద్ద పని చేసిన దానిలా నాయన పక్కన ఎగురుకుంటూ నడిచాను. భుజం మీద కూర్చోబెట్టుకో అన్నాను. "ఇయ్యాల వద్దు బిడ్డా" అన్నాడు.

తెల్లవారి పొద్దున ఆయన మందను కంచెకు కాకుండా లింగయ్య వాకిట్లోకి తోలుకుపోయాడు. చేతికర్ర అరుగుకు ఆనించాడు. లింగయ్య పళ్ళపుల్లతో బయటికి వచ్చి ముందు అర్థం కాక చూశాడు.

"ఎందుకు తమ్మీ? తేలిపాయె గదా."

"తేలింది అన్నా. రేపు ఇంకో జీవం పోతే మల్ల ఆకు తెస్తరు. ఆకుల ఎవ్వడో ఒకడు కుంటుతడు."

లింగయ్య బతిమిలాడాడు, తర్వాత కోప్పడ్డాడు, తర్వాత ఊరుకున్నాడు. మేము జాతరకు ఆగలేదు. అమ్మ వేములపల్లి నుంచి ఊరికి తిరిగి రాలేదు, మేమే అటు పోయాం, అక్కడి నుంచి మిర్యాలగూడ. బాపమ్మ రానంది, ఇల్లు పట్టుకుని ఉండిపోయింది. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు గేటు దగ్గర నాయనకు వాచ్‌మన్ పని దొరికింది. కుంటే మనిషికి బస్తా మోసే పని ఇవ్వరు, కూర్చుని చూసే పని ఇస్తారు. నా బడి నాలుగో తరగతితో తెగిపోయింది. రేకుల షెడ్డు, ఉడికిన వడ్ల ఆవిరి, తలలోకి, కంచంలోకి, దుప్పట్లోకి తవుడు. జున్ను లేదు, అనపకాయలు కొనుక్కునేవాళ్ళం. చలికి గేటు దగ్గర ఆ గొంగడే కప్పుకుని కూర్చునేవాడు నాయన. లోపలికి పోయే ప్రతి లారీనీ చూసేవాడు, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మంద ఉన్నప్పుడు ఒక్కొక్క గొర్రెనూ పేరు పెట్టి పిలిచి, తిట్టి, నవ్విన మనిషి. మిల్లులో చిల్లర దొంగతనాలు జరిగినప్పుడల్లా మొదట వాచ్‌మన్‌నే పిలిచి అడిగేవాళ్ళు. అడిగిన రోజు ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చుని రొట్టెను ముక్కలు చేసేవాడు.

ఆ సీరియల్ మూడో వారం నేను చూడలేదు. మిల్లు షెడ్లలో టీవీ లేదు. పోస్టుమాస్టరు ఏమయ్యాడో, కంబళి మనిషి ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. లింగయ్య పొట్టేలు సంగతీ అంతే. అంజనం ఆయన మళ్ళీ మా ఊరు రాలేదని బాపమ్మ ఎవరితోనో చెప్పి పంపింది. రేణుకను తర్వాత పెద్దవూర దగ్గర ఇచ్చారు. ఒక పెళ్ళిలో కలిసింది, కళ్ళద్దాలు పెట్టుకుంది. "వయసు మీద పడి వచ్చినయే" అని అదే నవ్వుతూ చెప్పింది, నేను అడగకముందే. కచ్చకాయల మాట తీశాం, టీవీ మాట ఇద్దరం తియ్యలేదు.

నాయన పోయే ఏడాది, గేటు దగ్గరికి అన్నం పట్టుకుపోతే, తినడం అయిపోయి చెయ్యి కడుక్కుంటూ ఉన్నట్టుండి అడిగాడు. అప్పటికి నాకు పెళ్ళయి, సంధ్య చంకలో ఉంది.

"బిడ్డా, ఆ టీవీల కుంటోడు. వాడే చేసిండా ఆఖరికి?"

ఇన్నేళ్ళూ ఆయన మనసులో ఆ మనిషి ఉన్నాడని నాకు తెలియదు.

"తెల్వదు నాయినా. మనం అటెంక చూడలే గద."

ఆయన కాసేపు రోడ్డు మీది లారీలు చూశాడు. చెంబు బోర్లించాడు.

"కాకపోవచ్చు తియ్యి," అన్నాడు.

ఇప్పుడు ఆ గొల్లవాడలో మందలు తగ్గిపోయాయి, కంప కంచెల మీదుగా రోడ్డు పోయింది. కోదాడ అత్తమ్మ కొట్టు మూతపడింది. గొంగడి నేసేవాళ్ళను వెతుక్కుంటూ పోవాలి. తమలపాకు కిళ్ళీ కొట్లో తప్ప ఎక్కడా కనబడదు. ఇంటింటికీ టీవీ ఉంది, ఎవరి అర్రలో వాళ్ళు కూర్చుని చూస్తారు, పోయిన వారం కథ చూడాలంటే మళ్ళీ మళ్ళీ చూడవచ్చట. అయినా మొన్న సంధ్యా సుజాతా మొదటి రోజే దొంగను పట్టేశారు. ఆ మఫ్లరు ముసలాయన గేటు దగ్గర అట్లాగే నిలబడి ఉన్నాడు. వాన కూడా మొదలైంది ఆ సీరియల్లో, బయట మా రేకుల మీదా పడుతోంది, ఏది ఎక్కడి చప్పుడో తెలియకుండా.

"ఏందమ్మా, ఏం మాట్లాడవ్? వాచ్‌మనే గదా?" అంది సంధ్య.

గొంగడి ఒక కొస దాని చేతికిచ్చాను, ఇంకో కొస నేను పట్టుకున్నాను. ఇద్దరం కలిసి మెలిపెట్టి పిండుతుంటే నీళ్ళు నల్లగా కారాయి.

"కాకపోవచ్చు తియ్యి," అన్నాను.